బండి ఎవరిది?

"ఏ వాడరా మీది?" అని అడిగాడు ఎస్సై.

"ఎస్సీ కాలనీ సార్," అన్నాడు డానియల్ హెల్మెట్ తీస్తూ.

దేవరకొండ రోడ్డు మీద వేరే బండ్లన్నీ ఆగకుండా పోతూనే ఉన్నాయి. ఎస్సై కొత్త బుల్లెట్‌ను ఎగాదిగా చూశాడు. "గా వాడోనికి గీ బండెట్లొచ్చింది? ఏడ కొట్టుకొచ్చినవ్?"

"బ్యాంకుల నౌకరి సార్ నాది. జర ఆర్సీ చూడుండ్రి."

చూడకుండానే ఎస్సై తాళం లాక్కున్నాడు. "నడువ్ స్టేషన్‌కు!"

వెనక కూర్చున్న తండ్రి బక్కయ్య గబగబా దిగి చేతులు జోడించాడు. "తప్పైంది సార్. బండి మా ఊరి పటేల్ దొరది. ఆయన పని మీదనే పోతున్నం."

"గా ముక్క ముందే చెప్తే అయిపోతుండె గదా!" ఎస్సై నవ్వి తాళం విసిరాడు.

తండ్రి మొహం చూడకుండా డానియల్ కింద పడ్డ తాళం ఏరుకున్నాడు.

కొడుకు వంగి తాళం ఏరుకోవడం బక్కయ్య చూశాడు. కొడుకు నిజం చెప్తే దొంగన్నారు. తాను అబద్ధమాడితే ఒక్క మాటకే నమ్మారు.

ముసలాయన వెనక్కి నడిచి ఎస్సై ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి చేతులు జోడించలేదు.

"భయానికి అబద్ధమాడిన సార్. బండి నా కొడుకుదే. పాండ్రి, స్టేషన్‌కే పోదాం."