అవతలి గట్టు పుప్పొడి

"మళ్ళీ మొదలెట్టాడు చూడు మీ బాబాయ్," అన్నాడు ఖల్ఫాన్, రెప్పల మీద పడిన లేతపసుపు పొడి తుడుచుకుంటూ.

కాలవకు అవతల తమ్ముడు జాహెర్ పొడవాటి గొట్టమున్న మిషన్ పట్టుకుని, తన ఖర్జూరం చెట్ల తలలకు పుప్పొడి కొడుతున్నాడు. పడమటి గాలి దాన్ని తెరలు తెరలుగా ఇటు మోసుకొస్తోంది.

"పొద్దున్నంతా ఆకు కదల్లేదు. అప్పుడేమో నీడలో కూర్చుని కాఫీ తాగాడు. గాలి లేవగానే మిషన్ తీశాడు. అంత తెలివి మా వంశంలో ఇంకెవరికీ లేదు."

కూతురు షంసా నవ్వలేదు. "ఆయన సంగతి సరే, మన చెట్ల మాటేమిటి నాన్నా? ఆడపూత విచ్చుకుంది. ఇంకొన్నాళ్ళు పోతే ఏం చేసినా కాయ పట్టదు."

ఖల్ఫాన్ తన చెట్ల తలలకేసి చూశాడు. ఏటా తనే నడుముకు తాడు కట్టుకుని చెట్టెక్కి, మగపూత రెమ్మలు ఆడపూత మధ్య దోపేవాడు. ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. చెట్లెక్కే కూలీలంతా మస్కట్ వెళ్ళిపోయారు. కాపు లేకపోతే తోట అమ్ముకోవడమే.

"బాబాయ్‌ని ఒక్క మాట అడిగితే..."

"కాలవ నీళ్ళు దొంగిలించానని నలుగురిలో నన్నన్నవాణ్ణా? దానికంటే చెట్లు ఎండిపోవడం మేలు."

ఆ గొడవ తర్వాత ఊరు విడిచిన జాహెర్ జుట్టు నెరిశాక గానీ తిరిగి రాలేదు. ఇన్నేళ్ళూ ఏం పని చేశాడో ఖల్ఫాన్ అడగలేదు. ఎవరైనా చెప్పబోయినా విననూ లేదు.

పూత కాలమంతా అదే తంతు. గాలి లేస్తేనే జాహెర్ లేచేవాడు.

వేసవికి ఖల్ఫాన్ చెట్లు గెలల బరువుకు వంగాయి. తను స్వయంగా ఎక్కిన ఏడు కూడా ఇంత కాపు చూడలేదు. అవతలి గట్టున మాత్రం గెలలు పలచగా వేలాడుతున్నాయి.

"పుప్పొడి వాడిది, పండు మనది," అని ఖల్ఫాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. తల్లి పోయాక ఆయన అలా నవ్వడం షంసా వినలేదు. తనూ నవ్వేసింది.

"ఈ బుట్ట వాడికిచ్చిరా. వాడి తెలివితక్కువకు బహుమానమని చెప్పు," అన్నాడు. బుట్టలోకి మాత్రం మెత్తటి పండ్లే ఏరి వేశాడు.

అంతలో గట్టు మీద పక్క ఊరి రైతు ఒకామె ఆగింది. ఆమె భుజానా అలాంటి మిషనే ఉంది.

"జాహెర్ మాస్టారి తోట ఎటు పెద్దయ్యా? దీని గొట్టం మూసుకుపోయింది, చూపించాలి."

"మాస్టారా? వాడికేం తెలుసమ్మా. చెట్లు ఊగే గాలిలో పుప్పొడి కొట్టే మనిషి."

ఆమె నమ్మలేనట్టు చూసింది.

"గాలిలో మిషన్ ముట్టుకోవద్దని మాకు నేర్పిందే ఆయన."