బుల్లెమ్మ బరువు

"ఆ ప్లేటు ఇలా ఇవ్వండి," అంది భార్య.

"ఎందుకే?" అన్నాడు బస్సు డ్రైవరు, వేయించిన బంగాళాదుంప ముక్కని నోటిదాకా తీసుకెళ్ళి.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఇవి ఉండవు. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు కూడా ఉండవు."

చేతిలో ముక్క నోట్లో వేసుకున్నాకే ప్లేటు ఇచ్చాడు. అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు మరి.

ఆ రోజు పొద్దున కూతురి స్కూల్లో ఆరోగ్య పరీక్షలు పెట్టారు. ఇంటిల్లిపాదీ రావాలన్నారు. ఆయన మొక్కుబడిగా వెళ్ళి, బరువు మిషనెక్కి, వేలు గుచ్చించుకుని, డాక్టరు పిలిచేలోపే డ్యూటీకి టైమైందంటూ జారుకున్నాడు. చివరిదాకా ఉండి చీటీ తెచ్చింది తల్లీకూతుళ్ళే.

ఆ చీటీ పైభాగం వెనక్కి మడిచి, ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం బిళ్ళతో అంటించింది ఆవిడ. వేపుళ్ళు మానాలి, చక్కెర తగ్గించాలి, కూరలూ పళ్ళూ పెంచాలి, రోజూ గంట నడవాలి. కనిపించేదల్లా అదే.

"మూడు నెలలు గడువిచ్చారు. ఈలోగా బరువు తగ్గితే సరే, లేదంటే మాత్రలు మొదలుపెట్టాలట," అంది.

నేలమీద బోర్లా పడుకుని బొమ్మలేసుకుంటున్న కూతురి వంక చూశాడు. తొమ్మిదేళ్ళ పిల్ల. బుల్లిగా, బొద్దుగా ఉందని బుల్లెమ్మ అని ముద్దుపేరు పెట్టింది తనే. రోజూ డ్యూటీ దిగి చిప్స్ పొట్లం పట్టుకొచ్చేదీ తనే.

"అయ్యో, నా చేతులతో నేనే..." అన్నాడు.

"ఏడిస్తే తగ్గదు. ఎవరో ఒక్కరు చేస్తే అయ్యే పనీ కాదు. ముగ్గురం చెయ్యాలి."

"మధ్యలో నేనెందుకే? నలభై మూడేళ్ళొచ్చాక నాకీ గంతులేమిటి? నేను ఉక్కుముక్కని!"

నాలుగేళ్ళుగా ఇదే పాట. పొట్ట స్టీరింగుకి తగులుతోందని డ్రైవరు సీటు వెనక్కి జరుపుకున్నాడే గానీ ఒక్క ముద్ద తగ్గించలేదు. గట్టిగా అడిగితే, "ఎలాగూ పోయేవాణ్ణే, తిని పోతాను," అనేవాడు. అలాంటి మొగుడితో ఎవరు వాదిస్తారు?

బుల్లెమ్మ తలెత్తింది. "నాన్న తింటేనే నేను తింటా. నాన్న నడిస్తేనే నేను నడుస్తా."

ఆయన లేచి నిలబడ్డాడు. "సరే తల్లీ! నీతో మాత్రలు మింగించే ప్రసక్తే లేదు. మూడు నెలలేగా, చూసేద్దాం!"

మొదటి వారం నరకం. చక్కెర లేని టీ తాగి మొహం ముడుచుకోబోయి, కూతురు చూస్తోందని నవ్వు పులుముకున్నాడు. ఉడికించిన కూరలు నోట్లో పెట్టుకుని, "ఆహా, అమృతం!" అన్నాడు.

"అయితే నాన్నకి ఇంకో గరిటె వెయ్యమ్మా," అంది బుల్లెమ్మ.

సాయంత్రం పార్కులో మూడో రౌండుకే బెంచీ మీద కూలబడితే చెయ్యి పట్టి లాగింది. "లే నాన్నా, ఇంకా పన్నెండు నిమిషాలుంది."

"నీకు కాళ్ళ నొప్పుల్లేవుటే?"

"లేవు. లే!"

ఆ పిల్ల పట్టుదల చూసి మురిసిపోయాడు. తనవల్ల దానికి అడ్డు రాకూడదని రొప్పుతూనే నడిచాడు.

ఆదివారం ఆదివారం బరువు మిషను తీసేవాళ్ళు. "ముందు నాన్న ఎక్కాలి," అని పేచీ పెట్టేది బుల్లెమ్మ. ఎక్కేవాడు. భార్య ఇద్దరి అంకెలూ క్యాలెండరులో రాసేది. ఆయన మాత్రం కూతురి అంకే చూసేవాడు. అది ఓ వారం అరకిలో తగ్గేది, మరో వారం పెరిగేది.

రెండో నెలలో డిపోలో ఎవరిదో పుట్టినరోజు. కేకు ముక్క చేతిలో పెట్టారు. మీద క్రీము. ప్రాణం లాగేసింది. అక్కడ నా చిట్టితల్లి క్యారెట్టు కొరుక్కుంటుంటే ఇక్కడ నేను కేకు మింగనా అనుకున్నాడు. పక్కవాడి ప్లేట్లో పడేసి బయటికొచ్చేశాడు.

ఇంకొన్నాళ్ళకి రెండో షిఫ్టు డ్రైవరు మీదపడ్డాడు. "ఏంటి గురూ, సీటు అంత ముందుకి జరుపుతున్నావ్? ఎక్కగానే నా మోకాళ్ళు పగులుతున్నాయి!"

"ఇంట్లో పాపకి బాగాలేదులే," అన్నాడాయన. ఎదుటివాడికి ముక్క అర్థం కాలేదు.

గడువు తీరే రోజు రానే వచ్చింది. ఆయన ఎక్కి దిగాడు. తొమ్మిది కిలోలు తగ్గాడు. అటు చూడనైనా లేదు.

"బుల్లెమ్మా, ఎక్కు!"

ఎక్కింది. ముప్పై ఆరు. మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అంగుళం పొడుగైంది కదండీ, గౌన్లన్నీ పొట్టివైపోయాయి. పిల్ల బాగానే ఉంది," అంది భార్య. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఈవిడకి మతిపోయిందా అనుకున్నాడు.

"బాగానే ఉండడమేంటే? మాత్రలన్నారు కదా!" గభాలున లేచాడు. "వదిలేది లేదు. ఇంకో మూడు నెలలు చేద్దాం. ఆర్నెల్లైనా సరే! అసలు ఆ డాక్టరేం రాశాడో, మనం ఏం తప్పు చేశామో చూస్తానుండు."

ఫ్రిజ్ మీది చీటీ లాగాడు. అయస్కాంతం బిళ్ళ కింద పడింది. బుల్లెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అమ్మ వెనక్కి చేరింది.

మూడు నెలల్లో మొదటిసారి ఆ మడత విప్పాడు.

పేషెంటు వయసు దగ్గర నలభై మూడు అని ఉంది.