ఎంతకైతే అంతకి

"నీ షేర్లు కూడా అమ్మెయ్యి పాపాయమ్మా! ఇక్కడ సంతకం పెట్టు," అంటూ దానం మాస్టారు అమ్మకం స్లిప్పు భార్య ముందుకు తోశాడు.

"పెట్టనండి," అంది పాపాయమ్మ టీచరు.

2004 మే. ఎన్నికల ఫలితాలొచ్చిన నాలుగో రోజు, సోమవారం. అమలాపురంలో బుల్లబ్బాయి షేర్ల ఆఫీసు సంతలా ఉంది. కొత్త ప్రభుత్వం ఏం చేస్తుందోనన్న భయంతో షేర్ల ధరలు కూలుతున్నాయి. కంప్యూటరు తెర మీద అంకెలన్నీ ఎర్రబడి కిందికి జారిపోతున్నాయి. "నావి తీసెయ్యండి, ఎంతకైతే అంతకి!" అని జనం బల్ల మీద పడి అరుస్తున్నారు. జనవరిలో ఇదే జనం, ఇదే బల్ల దగ్గర, ఎంతకైతే అంతకి కొనమన్నారు.

"అందరూ అమ్ముతున్నారే!" అన్నాడు దానం.

"అందరూ కొంటున్నారనే కదండీ మీరు కొన్నారు? అప్పుడూ అందరేనా, ఇప్పుడూ అందరేనా?"

"శారోన్ చదువు డబ్బులివి. రేపు సున్నా అయిపోతే పిల్లకేం చెబుతావ్?"

కూతురు జూన్‌లో కాలేజీలో చేరాలి. అయినా పాపాయమ్మ స్లిప్పు వెనక్కి తోసేసింది.

పక్కనే ఉన్న అల్లవరం రొయ్యల రైతు కనకరాజు కలగజేసుకున్నాడు. "ఆడోళ్ళ మొండితనం ఇక్కడ పనికిరాదండి మాస్టారూ!"

పాపాయమ్మ అతని వైపు తిరిగింది. "కనకరాజుగారూ, రొయ్యల రేటు పడిందని ఏ రోజైనా చెరువు అమ్ముకున్నారా?"

"అబ్బే, అదెలాగండీ..."

"మరి షేర్లు నావండి. వణుకు మీకెందుకు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. దానం ముఖం కందగడ్డలా అయింది.

"నీ ఖర్మ! ఏడిస్తే ఓదార్చడానికి నేను రాను," అని తన స్లిప్పుల మీద గబగబా సంతకాలు చేశాడు. పది నిమిషాల్లో అతని షేర్లన్నీ కొన్న ధరలో సగానికి అమ్ముడైపోయాయి. బయటికెళ్ళి స్కూటరు స్టార్టు చేశాడు. భార్య ఎక్కుతుందో లేదో కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

పాపాయమ్మ అక్కడే నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

బుల్లబ్బాయి జాలిగా చూశాడు. "మనసు మార్చుకున్నారాండీ టీచరుగారూ? మీవి కూడా అమ్మేయమంటారా?"

ఆమె సంచిలోంచి చెక్కుబుక్కు తీసింది.

"చీటీ పాడిన డబ్బు బ్యాంకులో ఉందండి. మా ఆయన ఇప్పుడు అమ్మేసినవన్నీ నా పేరున కొనెయ్యండి."