ఇంట్లో ఒకరి సంతకం

షెరీఫ్ ఆఫీసు జీపు మధ్యాహ్నం మూడింటికి ఆర్విడ్ ఇంటి ముందు ఆగింది. బడి బస్సు వచ్చే వేళ కావడంతో వీధిలో సగంమంది గుమ్మాల్లోనే ఉన్నారు.

పోలీసు కుర్రాడు కోరీ జీపు దిగాడు. పన్నెండేళ్ళప్పుడు తుపాకి ఎలా పట్టుకోవాలో వాడికి నేర్పింది ఆర్విడే.

“మాస్టారూ, నన్ను తిట్టుకోకండి,” అన్నాడు నేలచూపులు చూస్తూ. “జడ్జిగారి ఉత్తర్వు. ఇంట్లో ఉన్న తుపాకులన్నీ తీసుకెళ్ళాలి. రెండు వారాల్లో విచారణ.”

“అర్జీ పెట్టిందెవరు?” ఆర్విడ్ భార్య మార్లిస్ లోపల్నుంచి వస్తూ అడిగింది.

“విచారణ దాకా ఆ పేరు మాక్కూడా చెప్పరమ్మా.”

ఆర్విడ్ బీరువా తాళం తీశాడు. మొత్తం ఆరు. చివరిది వాళ్ళ నాన్నది. ఒక్కొక్కటే తెరిచి, తూటాలు లేవని చూపించి, కోరీ చేతికిచ్చాడు. ఎదురింటివాళ్ళు చూస్తున్నారని తెలిసి తల ఎత్తలేకపోయాడు.

ఇంకెవరికి జరిగినా ఇంత తలవంపులుగా ఉండేది కాదు. కిందటి చలికాలం ఈ చట్టం ఇంకా ప్రతిపాదనగా ఉన్నప్పుడు, బస్సు మాట్లాడుకుని వేటగాళ్ళ క్లబ్బును రాజధానికి తీసుకెళ్ళి, శాసనసభ కమిటీ ముందు గొంతు చించుకున్నది ఆర్విడే. “తుపాకితో తనకో ఇంకొకరికో ప్రాణహాని చేస్తాడేమోనని ఇంట్లో ఒకరు సంతకం పెడితే చాలట! ముందు తుపాకి పోతుందట, ఆ తర్వాత తీరిగ్గా విచారణట! ఇదెక్కడి న్యాయం?” అన్నాడు. క్లబ్బంతా చప్పట్లు కొట్టింది. బిల్లు మాత్రం రెండు ఓట్ల తేడాతో నెగ్గింది.

ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్ళాం ఇద్దరే. ఇక ఊరికి తీర్పు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? పైగా తమ్ముడు పోయినప్పటి నుంచి ఆర్విడ్‌కి నిద్ర పట్టడం లేదని మార్లిస్ డాక్టరుతో చెప్పిన సంగతి అందరికీ తెలుసు. “తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే,” అనుకున్నారు ఆడవాళ్ళు.

“నేను కాదు ఆర్విడ్. దేవుడి మీద ఒట్టు,” అంది మార్లిస్.

“నాకు తెలుసు,” అన్నాడు. ఆమె మొహంలోకి మాత్రం చూడలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో భోజనాలు. తలా ఒక వంటకం తెచ్చి బల్ల మీద పెట్టారు. మార్లిస్ ఓవెన్లో వండి తెచ్చే బంగాళాదుంపల హాట్‌డిష్ ఎప్పుడూ అన్నిటికంటే ముందు ఖాళీ అవుతుంది. ఆ రోజు ఎవరూ గరిటె పెట్టలేదు. “పొద్దున తిన్నదే అరగలేదు మార్లిస్,” అని నవ్వుతూ ఒకావిడ పక్క గిన్నెలోది నిండుగా వడ్డించుకుంది. ఈ ఊళ్ళో ఎవరూ మొహం మీద తిట్టరు. ఇలాగే చంపుతారు.

క్లబ్బు అధ్యక్షుడు లెరాయ్ వచ్చి ఆర్విడ్ భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇంకా దాంతోనే కాపురం చేస్తున్నావంటే నీది వెన్నపూస మనసురా. నేనైతే ఈపాటికి పెట్టె సర్ది పంపించేసేవాణ్ణి. నవంబర్లో జింకల వేట మొదలవుతుంది. తుపాకి లేకుండా అడవికొచ్చి ఏం చేస్తావు, మాకు కాఫీ కాస్తావా?”

ఆర్విడ్ తల తిప్పి చూశాడు. బల్ల దగ్గర మార్లిస్ చల్లారిపోయిన గిన్నె మీద మూత పెడుతోంది. వెళ్ళి ఒక్క గరిటె వడ్డించుకుంటే చాలు. అయినా వెళ్ళలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

విచారణ రోజు క్లబ్బంతా వేటకి పెట్టుకునే నారింజరంగు టోపీలు చేతుల్లో పట్టుకుని కోర్టుకి తరలివచ్చింది. అందరూ ఆర్విడ్ వెనకే సర్దుకున్నారు. మార్లిస్ కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు.

“బెంగపడకురా,” అన్నాడు లెరాయ్ ముందుకు వంగి. “ఇవాళ అందరి ముందూ ఆవిడ పరువు తీసేద్దాం.”

జడ్జి కళ్ళజోడు పెట్టుకుని ఫైలు తెరిచింది.

“అర్జీ పెట్టినవారు లేచి నిలబడండి.”

తలలన్నీ మార్లిస్ వైపు తిరిగాయి. ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

“నేనేనండీ, నా మీద నేనే పెట్టుకున్నాను,” అంటూ ఆర్విడ్ లేచి నిలబడ్డాడు.