చల్లారేదాకా

"నీళ్ళలో ముంచెయ్యప్పా. సీక్రంగా గట్టిపడతాది గదా," అన్నాడు తిరువేంగడం.

వేలూరు ఆసుపత్రిలో అచ్చులు పోసే గది అది. అతని భార్య కాంతమ్మకు చెంప ఎముకలో గడ్డ. ఆ సాయంత్రమే మొదటిసారి కిరణాలు పెట్టాలి. అవి ఎడమ కంటిమీద పడకుండా అడ్డం పెట్టే లోహపు దిమ్మను ఏసుదాస్ పోస్తున్నాడు. విదేశం నుంచి ఆ కిరణాల యంత్రం దిగి ఇంకా ఏడాది కాలేదు. దానికోసం జనం బారులు. ఆలస్యమైతే వంతు ఇంకొకరికి పోతుంది. మళ్ళీ వారం తర్వాతే.

సీసం, తగరం, బిస్మత్ కలిసిన ఆ లోహం వేడినీళ్ళకే కరుగుతుంది. థర్మోకోల్ అచ్చులోకి జారేటప్పుడు అది లోహంలా ఉండదు. నిద్రలోకి జారుకుంటున్న మనిషి ఆలోచనలా ఉంటుంది.

తిరువేంగడం పోరు పడలేక ఏసుదాస్ అచ్చును చన్నీళ్ళలో పెట్టాడు. దిమ్మ ఇట్టే బిగిసింది. పైకి అద్దంలా ఉంది. ఎక్స్‌రే తీస్తే మాత్రం నడుమ నల్లటి మచ్చలు. పైపొర తొందరపడి గడ్డకట్టి, లోపలి గాలిని బయటికి పోనివ్వలేదు.

"ఈ బొక్కల్లోంచి కిరణం దూరితే కన్ను పోతాది," అన్నాడు ఏసుదాస్. మళ్ళీ కరిగించి, తనంతట తాను చల్లారనివ్వాలన్నాడు. అంతలో వంతు దాటిపోతుంది.

చిన్న మచ్చలే గదా అని తిరువేంగడం సణిగాడు. గుడియాత్తంలో తాను కడుతూ సగంలో వదిలి వచ్చిన గోడను గుర్తుచేశాడు.

కాంతమ్మ కొంగు చెంపకు అదుముకుంది. "మెల్లగానే చల్లారనీ నాయనా. వంతు పోతే పోనీ."

కూర్చున్నారు. లోహం మెరుపు నెమ్మదిగా మసకబారింది. కిటికీలో పొద్దు పలచబడింది. ఎక్కడో యంత్రం ఆగింది. ఎవరూ కదల్లేదు. దిమ్మ లోపల రేణువులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని పడుకుంటున్నట్టు ఏసుదాస్‌కు అనిపించింది.

ఈసారి ఎక్స్‌రేలో ఒక్క మచ్చ లేదు. తిరువేంగడం టీ తేవడానికి వెళ్ళాడు.

"ఇంక భయం లేదమ్మా," అన్నాడు ఏసుదాస్. "ఆ కంటి చూపు యాడికీ పోదు."

కాంతమ్మ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది.

"దానికి పుట్టినప్పట్నుంచీ చూపు లేదు నాయనా. డాక్టరమ్మకు తప్ప ఎవురికీ తెలీదు, ఆయనకు గూడా. నాకు కలలొచ్చేది దాంట్లోనే."