లిఫ్టులో ఉండేవాడు

ఆదివారం మా గ్రూపు ఆడబోయే ఆటలో ఊరు మామూలుదే, జనమే వేరు. బస్టాండులో దయ్యాలు టికెట్లు కొడతాయి. నీళ్ల ట్యాంకు మీద మంత్రగత్తె కాపురముంటుంది. తలా ఒక పాత్ర వేసుకుని, తలా ఒక రాక్షసుణ్ణి కల్పించి ఆడాలి. ఒక మనిషి తక్కువైతే అక్కను బతిమాలి కూర్చోబెట్టాను.

"మాకో నియమం ఉంది. రాక్షసుణ్ణి తెచ్చినవాళ్లే వాడెలా ఓడతాడో కూడా చెప్పాలి. లేకపోతే ఆటలోకి రానివ్వం. నీ రాక్షసుడు ఎక్కడుంటాడు?" అని అడిగాను.

అక్క మోకాళ్లు నొక్కుకుంటోంది. ఒళ్లు తగ్గాలంటూ నెలరోజులుగా ఆఫీసులో ఎనిమిదో అంతస్తుకి మెట్లెక్కే పోతోంది. ఇంట్లో అందరం ఆటపట్టిస్తున్నాం.

"లిఫ్టులో," అంది.

"కోరలుంటాయా?"

"ఉండవు. ఇస్త్రీ చొక్కా, మంచి సెంటు. నలుగురుంటే ఎంతో మర్యాద, అందరి కోసం లిఫ్టు ఆపి ఉంచుతాడు. ఒంటరిగా ఎక్కిన ఆడపిల్ల గొంతు మాత్రం లాగేసుకుంటాడు. దిగాక ఎవరికైనా చెప్పుకుందామన్నా మాట పెగలదు."

మా గ్రూపులో ఇంత మంచి రాక్షసుణ్ణి ఇంతవరకూ ఎవరూ తేలేదు.

"అదిరింది. మరి ఎలా ఓడతాడు?"

అక్క మళ్లీ మోకాళ్లు నొక్కుకోసాగింది.

"నాన్చకు. చెప్పకపోతే వాణ్ణి తీసేస్తాను," అన్నాను విసుగ్గా.

"తెలీదే," అంది నేల చూస్తూ. "తెలిస్తే రోజూ మెట్లెందుకెక్కుతాను?"

నేను రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశాను.

మోకాలి మీదున్న ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఇద్దరు ఎక్కితే వాడి పని అయిపోయినట్టే. రేపు నేనూ వస్తా. లిఫ్టులోనే వెళ్దాం."