నాలుగు కార్డులు

వెలుగుతున్న చిన్న గ్యాస్ పొయ్యిని డ్రైవర్ బాలమల్లు రాయి మీది నుంచి ఎత్తి పక్కన మట్టిలో పెట్టాడు.

నర్మదకు ఒళ్లు మండింది. టెంటు ముందర సాఫుగా ఉన్న రాయి అదొక్కటే.

"ఏందన్నా గిది? చాయ పెడుతున్నం గద."

"గా రాయి మీద వద్దు బిడ్డా. ఇంకేడనన్న పెట్టుకోండ్రి."

ఎందుకో చెప్పలేదు. చెప్పులు విడిచి, బాటిల్ నీళ్లతో రాయిని కడిగాడు. రెండు చివర్లా ఉన్న గుంతల్లో మట్టిని వేలితో తీశాడు.

"రాయికి నీళ్లు పోస్తే మొలకెత్తుతదా?" అంది రాణి. జమున నవ్వింది.

ఆబిడ్స్‌లో ఒకే హాస్టల్‌లో ఉండే ఆ ముగ్గురూ ఆరు నెలలు అనుకుని అనుకుని బయలుదేరిన ట్రిప్ ఇది. ఆడపిల్లలు అడవిలో టెంటు వేసుకుని పడుకోవడమేమిటని మూడిళ్లలోనూ లొల్లి జరిగింది. పోతాం, మంచిగా తిరిగొస్తామని నర్మద అందరికీ ఎదురు చెప్పి వచ్చింది. ఏ చిన్న తేడా వచ్చినా మళ్లీ గడప దాటనివ్వరు.

అందుకే నాంపల్లిలో కారు మాట్లాడేటప్పుడే నెమ్మదైన డ్రైవర్ కావాలని ట్రావెల్స్ ఓనర్ జనార్దన్‌ను అడిగింది. ఇప్పలగూడ క్యాంపు పేరు వినగానే, వంతు తనది కాకపోయినా తాళంచెవి అందుకున్నవాడు బాలమల్లు.

సాయంత్రం గార్డు వచ్చాడు. డ్రైవర్లు పొద్దుగూకేలోపు గేటు బయటికి పోవాలన్నాడు.

"నేను పోను. ఈడనే పండుకుంట," అన్నాడు బాలమల్లు.

గార్డు నర్మద వైపు తిరిగాడు. ఆమె ఊఁ అంటే కారులో పడుకోనిస్తానన్నాడు.

నర్మదకు ఇల్లు గుర్తొచ్చింది.

"బయటికే పంపండి," అంది.

బాలమల్లు గార్డును ఎగాదిగా చూశాడు.

"గా గేటు మొన్న పెట్టిన్రు," అన్నాడు.

చెప్పులు చేత పట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు బాలమల్లే వచ్చి ముగ్గురినీ కారులో తీసుకొచ్చాడు. హాస్టల్ చేరగానే నర్మద జనార్దన్‌కు ఫోన్ చేసి, అలాంటి మనిషిని ఆడపిల్లల వెంట పంపవద్దని గట్టిగా చెప్పింది.

రెండు రోజుల తర్వాత బ్యాగు దులుపుతుంటే ఆధార్ కార్డులు పడ్డాయి. గేటు దగ్గర తీసుకున్నవన్నీ గార్డు తిరిగొచ్చేటప్పుడు ఒకే రబ్బరు బ్యాండు వేసి ఆమె చేతికిచ్చాడు. మూడు తమవి. నాలుగోది బాలమల్లుది.

ఇచ్చేద్దామని నాంపల్లికి నడిచింది.

"ఆయనను తీసేసిన మేడం," అన్నాడు జనార్దన్. "మీరు గట్ల చెప్పినంక ఎట్ల ఉంచుత? ఫోన్ గిట్ల ఎత్తుతలేడు."

నర్మద కార్డును అతని ముందుకు చాపింది.

జనార్దన్ కార్డును చూసి తల ఊపాడు.

"గీ అడ్రస్ మార్చుకోమని పదిసార్లు చెప్పిన. అడవిల నుంచి ఊరును లేపి పదేండ్లాయె. 'ఊరును లేపిన్రు, నేను లేవలే' అంటడు. ఏం చేస్తం?"

నర్మద కార్డు తిప్పింది.

ఇంటి నంబరు 1-14, ఇప్పలగూడ.

ఆ రాతికి రెండు చివర్లా ఉన్న గుంతలు ద్వారబంధం నిలిపేవని, ఆ సాయంత్రం తాను బయటికి పంపింది ఆ ఇంటి మనిషినేనని ఆమెకు అప్పుడు తెలిసింది.